ఉత్తర కొరియాలో దేవుడికి దణ్ణం పెట్టుకోవచ్చా? – మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో ఎవరో అడిగిన వేరే ప్రశ్నకు జవాబు రాస్తూ, ఉత్తర కొరియా ఇళ్ళలో గోడ మీద దేవుడి పటాలు ఉండవు, నాయకుల పటాలే ఉంటాయి అని ఒక్క వాక్యం రాశాను. దాని మీద మన ఒడిశాలో బరంపురం నుంచి జయపురం దాకా ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు వచ్చిపడ్డాయి. కొందరికి నమ్మబుద్ధి కాలేదు, కొందరికి కోపం వచ్చింది, ఎక్కువమందికి బోలెడు సందేహాలు వచ్చాయి. అందుకే ఈసారి పేజీ మొత్తం ఈ ఒక్క విషయానికే ఇచ్చేస్తున్నాను. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేశాను, పేర్లు తీసేశాను.

మాస్టారూ, అక్కడ దేవుణ్ణి నమ్మితే జైల్లో వేస్తారంటారు. మా అబ్బాయేమో యూట్యూబ్‌లో ప్యాంగ్యాంగ్ చర్చి చూపించాడు, లోపల కోటు వేసుకున్నవాళ్ళు పాటలు పాడుతున్నారు. ఏది నిజం?
*(బట్టల కొట్టు యజమాని, బరంపురం)*

రెండూ నిజమేనండి, అందుకే ఈ గందరగోళం. రాజధాని ప్యాంగ్యాంగ్‌లో రెండు ప్రొటెస్టెంటు చర్చిలు, ఒక కేథలిక్ చర్చి, ఒక రష్యన్ ఆర్థడాక్స్ చర్చి ఉన్నాయి. బొంగ్సు చర్చి, చాంగ్‌చుంగ్ కేథలిక్ చర్చి 1988లో కట్టారు, చిల్గోల్ చర్చి ఆ మరుసటి ఏడాది, రష్యన్ చర్చి 2006లో. ఆ మొదటి తేదీలు ఒకసారి గమనించండి. 1988లో పక్కనున్న దక్షిణ కొరియా సియోల్‌లో ఒలింపిక్స్ జరిపింది, దానికి పోటీగా 1989లో ప్యాంగ్యాంగ్‌లో ప్రపంచ యువజన విద్యార్థి ఉత్సవం పెట్టారు. బయటి దేశాల వాళ్ళు వేల సంఖ్యలో వస్తున్నారు, వాళ్ళకు చూపించడానికి చర్చి ఉండాలి. అంతకుముందు దాదాపు ముప్పై అయిదేళ్ళపాటు ఆ నగరంలో చర్చి అన్నదే లేదు.

కేథలిక్ చర్చి ఉంది గానీ అక్కడే ఉండి పూజ చేసే ఫాదర్ లేరు. ఫాదర్ లేకుండా కేథలిక్కులకు పూజ ఎలా అవుతుందో మన పర్లాకిమిడి, మోహన వైపు వాళ్ళను అడిగితే చెప్తారు. బౌద్ధాలయాలు కూడా ఉన్నాయి, మ్యోహ్యాంగ్ కొండల్లో పోహ్యోన్ ఆలయం చాలా పాతది, అందమైనది, దాన్ని ప్రభుత్వమే బాగు చేయించి సాంస్కృతిక సంపదగా చూపిస్తుంది. రాజ్యాంగంలో 68వ అధికరణం మత స్వేచ్ఛ ఉందనే చెప్తుంది, ఆ వెంటనే మతం పేరుతో విదేశీ శక్తులను లోపలికి తేకూడదు, రాజ్యానికీ సమాజ వ్యవస్థకూ హాని చేయకూడదు అని ఒక తోక తగిలించింది. ఆ తోకే అసలు చట్టం అనుకోండి.

మీ వీధిలో పదిమంది కలిసి చందాలు వేసుకుని రామకోవెల కట్టుకోవాలనుకుంటే ఏం చేస్తారు? ఒక సాయంత్రం ఎవరి అరుగు మీదో కూర్చుని మాట్లాడుకుంటారు. అక్కడ ఆ కూర్చోవడం దగ్గరే కథ ముగిసిపోతుంది. ప్రభుత్వం కట్టిన చర్చి ఉంటుంది, మనుషులు తమకు తాముగా పెట్టుకున్నది ఉండదు. మీ అబ్బాయి చూపించింది మొదటి రకం.

ఇదంతా అమెరికా వాళ్ళ ప్రచారం కాదని గ్యారంటీ ఏమిటి? కిమ్ గురించి టీవీల్లో వచ్చేవి సగం అబద్ధాలే కదా.
*(యూనియన్ కార్యకర్త, గుణుపురం)*

మీ అనుమానంలో న్యాయం ఉంది, దాన్ని కొట్టిపారేయను. హ్యోన్ సోంగ్ వోల్ అనే గాయనిని కాల్చి చంపేశారని 2013లో దక్షిణ కొరియా పత్రికలు రాశాయి, మన తెలుగు ఛానెళ్ళు కూడా ఇలాంటివి తెగ తిప్పుతాయి. ఆవిడ మరుసటి ఏడాది అక్కడి టీవీలో కనిపించింది, 2018లో శీతాకాల ఒలింపిక్స్ ముందు ఏకంగా సియోల్‌కే వచ్చింది. కుక్కలకు వేశారు, ఫిరంగితో పేల్చారు లాంటివి విన్నప్పుడు నేనూ నమ్మను, మీరూ నమ్మకండి.

అయితే అన్నీ ఆ రకం వార్తలే కావు. ఐక్యరాజ్యసమితి 2013లో ఒక విచారణ కమిషన్ వేసింది. ఆస్ట్రేలియా హైకోర్టు మాజీ న్యాయమూర్తి మైకేల్ కిర్బీ దానికి అధ్యక్షుడు (ఆ దేశంలో అత్యున్నత న్యాయస్థానాన్ని హైకోర్టు అంటారు), ఇండోనేసియా నుంచి ఒకరు, సెర్బియా నుంచి ఒకరు సభ్యులు. లోపలికి వచ్చి చూస్తామంటే ఉత్తర కొరియా రానివ్వలేదు. సియోల్, టోక్యో, లండన్, వాషింగ్టన్‌లలో బహిరంగంగా విచారణ జరిపారు, ఎనభైమందికి పైగా అందరి ముందూ సాక్ష్యం చెప్పారు, మరో రెండు వందల నలభైమందికి పైగా రహస్యంగా చెప్పారు. 2014 ఫిబ్రవరిలో నివేదిక వచ్చింది. ఆలోచనా స్వేచ్ఛ, మత స్వేచ్ఛ అక్కడ దాదాపు పూర్తిగా లేవని అందులో తేల్చారు. మీకు వాళ్ళ మాట కూడా వద్దంటే, ఆ నివేదికలో ఉదహరించిన ప్రభుత్వ లెక్కే తీసుకోండి: 1950లో జనాభాలో దాదాపు 24 శాతం ఏదో ఒక మతం పాటించేవాళ్ళు, 2002కి అది 0.016 శాతం. అంటే లక్షమందిలో పదహారుమంది. ఒక దేశం యాభై ఏళ్ళలో తనకు తానుగా ఇంత మారిపోదండి.

మా చర్చిలో ఒక పెద్దాయన ప్యాంగ్యాంగ్‌ని ఒకప్పుడు తూర్పు జెరూసలేం అనేవారని చెప్పారు. నిజమేనా? అలా అయితే ఆ జనం అంతా ఏమైపోయారు?
*(రిటైర్డ్ నర్సు, పర్లాకిమిడి)*

నిజమే సిస్టర్ గారూ. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఈ ప్రశ్నే, కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తాను.

1907లో ప్యాంగ్యాంగ్‌లో పెద్ద ఉజ్జీవం (జనంలో క్రైస్తవ భక్తి ఒక్కసారిగా ఉప్పొంగడం) వచ్చింది, అక్కడి నుంచి కొరియా అంతా పాకింది. మీ వైపు మిషన్ వాళ్ళు బళ్ళు, ఆసుపత్రులు పెట్టినట్టే అక్కడా పెట్టారు. 1897లో మొదలైన సూంగ్‌సిల్ అనే బడి పెరిగి పెద్ద కాలేజీ అయింది. 1910 నుంచి కొరియా జపాన్ కింద ఉండేది, తమ మతమైన షింటో గుళ్ళ దగ్గర తలవంచి తీరాలని జపాన్ వాళ్ళు బలవంతం చేస్తే, ఆ పని చేయలేమని 1938లో ఆ కాలేజీ మూసేసుకున్నారు. రాజ్యం చెప్పిన చోట తలవంచాలన్న పేచీ, తర్వాత ఉత్తర కొరియాను ఏలిన కిమ్‌ల కంటే ముందే ఉందన్నమాట.

క్రైస్తవులు ఒక్కరే కాదు. చోండోగ్యో అని ఆ మట్టిలోనే పుట్టిన మతం ఉంది. 1860లో చోయ్ జే ఊ అనే ఆయన మొదలుపెట్టాడు, ప్రతి మనిషిలోనూ దేవుడున్నాడని చెప్పాడు, రాజు 1864లో ఆయనకు మరణశిక్ష వేశాడు, 1894లో ఆయన అనుచరులే రైతుల తిరుగుబాటు నడిపారు. 1919 మార్చి 1న జపాన్‌కు వ్యతిరేకంగా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకాలు పెట్టిన 33 మందిలో 16 మంది ప్రొటెస్టెంట్లు, 15 మంది చోండోగ్యో వాళ్ళు, ఇద్దరు బౌద్ధులు. అందరూ మతస్థులే! దేశం కోసం మొదట నిలబడ్డది వాళ్ళు. ఆ దేశాన్ని తర్వాత ఏలినవాళ్ళు ఆ మనుషుల పిల్లలనే దేశద్రోహుల జాబితాలో వేశారు.

ఉత్తర కొరియా మొదటి నాయకుడు కిమ్ ఇల్ సంగ్ ఇల్లు కూడా క్రైస్తవ ఇల్లే. తాతగారు, అంటే అమ్మ నాన్న, ప్రెస్బిటేరియన్ సంఘ పెద్ద. నాన్న సూంగ్‌సిల్ బళ్ళో చదివాడు. అమ్మ చర్చికి వెళ్ళేది, ఆవిడ వెళ్ళింది భక్తితో కాదు, పనితో అలిసిపోయి కాసేపు కూర్చోవడానికే అని తర్వాత ఆయన తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఇందాక చెప్పిన చిల్గోల్ చర్చి ఆవిడ పుట్టిన ఊరి పేరు మీద, ఆవిడ జ్ఞాపకార్థం కట్టిందే.

1945లో జపాన్ పోయింది, ఉత్తరాన సోవియట్ సైన్యం దిగింది. 1946 మార్చిలో భూసంస్కరణ పేరుతో గుళ్ళ, చర్చిల భూములు తీసుకున్నారు. ఆ ఏడాది నవంబరులో ఎన్నికలు ఆదివారం పెట్టారు, పాస్టర్లు అభ్యంతరం చెప్పారు, ఆ అభ్యంతరమే వాళ్ళ మీద నేరమైంది. ప్రభుత్వానికి అనుకూలంగా ఒక క్రైస్తవ సమాఖ్య పెట్టి, అందులో చేరని వాళ్ళను పట్టుకెళ్ళడం మొదలుపెట్టారు. ప్యాంగ్యాంగ్ కేథలిక్ బిషప్ ఫ్రాన్సిస్ హోంగ్‌ను 1949లో తీసుకెళ్ళారు, ఆయన ఏమయ్యాడో ఎవరూ చెప్పలేదు. వాటికన్ తన పుస్తకంలో ఆయన పేరును 2013 దాకా బిషప్‌గానే ఉంచింది. చనిపోయాడని చెప్పినవాళ్ళు లేరు కదా మరి.

ఆ తర్వాత యుద్ధం, 1950 నుంచి 1953 దాకా. ఇక్కడ ఇంకో నిజం కూడా చెప్పాలి. ప్యాంగ్యాంగ్‌ను అమెరికా విమానాలు నేలమట్టం చేశాయి, ఆ బాంబుల కింద చర్చిలు కూడా పోయాయి. బాంబులు వేసినవాడి మతం, ఇక్కడ చర్చికి వెళ్ళేవాడి మతం ఒకటే అని చెప్పడానికి ప్రభుత్వానికి అంతకంటే మంచి సాకు దొరకలేదు. లక్షలమంది దక్షిణాదికి పారిపోయారు, వాళ్ళలో క్రైస్తవులు చాలామంది. ఇవాళ సియోల్‌లో అంత పెద్ద పెద్ద చర్చిలు ఉండడానికి ఒక కారణం అలా వచ్చినవాళ్ళే. మిగిలినవాళ్ళ సంగతి ఇంకో రకం. 1950ల చివరి నుంచి ప్రతి కుటుంబం పుట్టుపూర్వోత్తరాలు తవ్వి జనాన్ని మూడు తరగతులు చేశారు: నమ్మకస్తులు, ఊగిసలాడేవాళ్ళు, శత్రువులు. లోపల మళ్ళీ 51 రకాలు. తాత పాస్టర్ అయితే మనవడు శత్రువుల తరగతిలో పుడతాడు. మంచి కాలేజీ, రాజధానిలో ఇల్లు, పార్టీ సభ్యత్వం ఏదీ రాదు, పెళ్ళి సంబంధం కూడా కుదరదు. తాత మంచివాడా కాదా అని ఎవరూ అడగరు, ఫైల్లో ఏముందో అదే.

నాయకుల ఫొటోలు పెట్టుకోవడం పెద్ద విషయమా సార్? మన ఇళ్ళలో గాంధీ గారివి, ఎన్టీఆర్‌వి, బిజూ బాబువి పెట్టుకోమా? అది మతం ఎలా అవుతుంది?
*(డిగ్రీ విద్యార్థిని, రాయగడ)*

మంచి ప్రశ్న వేశావమ్మా. పెట్టుకోవడంలో తప్పు లేదు. మీ ఇంట్లో బిజూ పట్నాయక్ ఫొటో తీసేస్తే ఏమవుతుంది? గోడ మీద మేకు మిగులుతుంది. అక్కడ ఏమవుతుందో చూడు.

ప్రతి ఇంట్లో కిమ్ ఇల్ సంగ్, ఆయన తర్వాత ఏలిన కొడుకు కిమ్ జోంగ్ ఇల్ పటాలు ఉండి తీరాలి. అవి ఉన్న గోడ మీద పెళ్ళి ఫొటో గానీ క్యాలెండర్ గానీ ఇంకేదీ ఉండకూడదు. తుడవడానికి ప్రత్యేకంగా ఒక గుడ్డ, ఆ గుడ్డకు ప్రత్యేకంగా ఒక చోటు, దాన్ని వేరే పనికి వాడకూడదు. దుమ్ము పట్టిందా లేదా అని తనిఖీకి వస్తారు. పేపర్లో నాయకుడి బొమ్మ ఉంటే మొహం మీద మడత పడకూడదు, ఆ కాగితంలో ఏమీ పొట్లం కట్టకూడదు. 2004 ఏప్రిల్‌లో ర్యోంగ్‌చోన్ రైల్వే స్టేషన్ దగ్గర భయంకరమైన పేలుడు జరిగి, బడి కూడా కూలిపోయి పిల్లలు చనిపోయారు. ఆ సమయంలో మంటల్లోంచి పటాలను కాపాడబోయి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళను ప్రభుత్వ వార్తాసంస్థ మెచ్చుకుంటూ రాసింది. నా మనసులోంచి పోని వార్త అది. ఒక తల్లి ముందు పిల్లవాడి కోసం పరిగెత్తాలా పటం కోసం పరిగెత్తాలా అని ఒక్క క్షణమైనా ఆలోచించాల్సి వచ్చే దేశం ఉంటే, అక్కడ పటం ఏ స్థానంలో ఉందో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

1974లో పది సూత్రాలు ప్రకటించారు, 2013లో కొంచెం మార్చారు. నాయకుడి మాట తప్ప ఇంకోటి లేదు, ఆయన అధికారమే పరమం అన్నది వాటి సారం. వారానికోసారి అందరూ కూర్చుని ఆ సూత్రాల ప్రకారం తాము చేసిన తప్పులు చెప్పుకోవాలి, పక్కవాడి తప్పులు కూడా చెప్పాలి. 1994 జూలై 8న కిమ్ ఇల్ సంగ్ చనిపోతే కొడుకు మూడేళ్ళు సంతాపం పాటించాడు, అది పాత కన్ఫ్యూషియన్ ఆచారం, తండ్రి పోతే కొడుకు చేయాల్సింది. 1998లో రాజ్యాంగంలో చనిపోయినాయనకు శాశ్వత అధ్యక్షుడని పేరిచ్చారు. ఆయన పుట్టిన 1912 ఒకటో సంవత్సరంగా 1997లో శకం మొదలుపెట్టారు. కొత్త దంపతులు పెళ్ళిరోజున ఆయన విగ్రహం దగ్గర పూలు పెడతారు. మన దగ్గర గుడికి వెళ్ళినట్టే.

దీన్ని మతం అనొచ్చా అని పండితులు వాదించుకుంటూనే ఉన్నారు. నాకైతే ఆ పేరు ఏమిటన్నది ముఖ్యంగా అనిపించదు. మనం గుడికి వెళ్ళేది దేవుడికి మన బాధ చెప్పుకోవడానికి. ఆయనతో దెబ్బలాడతాం, మొక్కు తీర్చకపోతే అలుగుతాం, రామదాసు జైల్లో కూర్చుని రాముణ్ణి నిలదీసి పాడాడు. ఆ పటంతో దెబ్బలాడగలిగినవాడు ఆ దేశంలో ఒక్కడూ లేడు.

మరి వాళ్ళ ఇళ్ళలో తద్దినాలు, ముహూర్తాలు, జాతకాలు ఏమీ ఉండవా? మనిషి పోతే ఏం చేస్తారు?
*(గృహిణి, జయపురం)*

ఉంటాయమ్మా, వాటిని ఎవరూ పూర్తిగా చంపలేకపోయారు. చనిపోయిన పెద్దలకు అన్నం, పళ్ళు, సారా పెట్టి నమస్కారం చేసే ఆచారం కొరియా అంతటా ఉంది, మన పితృకార్యానికి దగ్గరిది. పంట చేతికొచ్చే రోజుల్లో చుసోక్ అనే పండక్కి సమాధుల దగ్గరికి వెళ్ళి గడ్డి కోసి శుభ్రం చేసి భోజనం పెడతారు. ఇవన్నీ పాతకాలపు చాదస్తాలని కొన్నాళ్ళు అణచిపెట్టారు, 1988లో చుసోక్‌ను మళ్ళీ ఒప్పుకున్నారు, మరుసటి ఏడాది చాంద్రమాన సంవత్సరాదిని కూడా. కుటుంబం లోపల జరిగేదాన్ని చూసీచూడనట్టు వదిలేస్తారు, పదిళ్ళు కలిసిందంటే వదలరు.

ఇక జాతకాలు. 1990ల మధ్యలో అక్కడ ఘోరమైన కరువు వచ్చింది. ఆరు లక్షలమంది పోయారని కొందరు, ఇరవై ముప్పై లక్షలని కొందరు లెక్కగడతారు. రేషన్ ఆగిపోయింది. ప్రభుత్వం తిండి పెట్టనప్పుడు జనం రెండు చోట్లకు వెళ్ళారు, ఒకటి దొంగచాటు బజారు, రెండోది సోది చెప్పేవాళ్ళ ఇల్లు. సరుకు తీసుకుని ఏ రోజు బయల్దేరాలి, కూతురి పెళ్ళి ఎప్పుడు పెట్టుకోవాలి, నది దాటి చైనాకు పోతే దొరికిపోతామా, ఇవే ప్రశ్నలు. మూఢనమ్మకాల పనులు చేసేవాళ్ళను శిక్షించడానికి చట్టంలో ప్రత్యేకంగా సెక్షన్ ఉంది, అయినా అధికారుల భార్యలు, అధికారులు కూడా సోదికి వెళ్తారని బయటికి వచ్చినవాళ్ళు చాలామంది చెప్పారు. రేపు ఏమవుతుందో తెలియని టెన్షన్‌లో ఉన్న మనిషికి, నీకేం కాదు అని చెప్పే ఒక గొంతు కావాలి. దాన్ని వెక్కిరించడం నాకు చేతకాదు.

అంత సైన్యం, అణుబాంబులు ఉన్నవాళ్ళకు నలుగురు ముసలమ్మలు కూర్చుని ప్రార్థన చేస్తే ఏమిటి భయం?
*(నేత పనివారి కుటుంబం, బరంపురం)*

మీ ఊరి ఉదాహరణతోనే చెప్తాను. రెండేళ్ళకోసారి బరంపురంలో ఠాకురాణి యాత్ర జరుగుతుంది కదా. అమ్మవారు నెలపాటు దేశి బెహరా వీధిలో పుట్టింటికి వచ్చి ఉంటుంది. దాన్ని నడిపేది మన తెలుగు నేతవాళ్ళ పెద్ద దేశి బెహరా, ఆ కుటుంబం. కలెక్టరు గారు బందోబస్తు ఇస్తారు, మంత్రులు వచ్చి దణ్ణం పెట్టుకుంటారు, యాత్ర మాత్రం వాళ్ళు పెట్టింది కాదు, వాళ్ళు వద్దంటే ఆగేదీ కాదు. లక్షలమంది తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు రాత్రంతా వీధుల్లో ఉంటారు, ఏ ప్రభుత్వమూ పిలవకుండా. మీ పెద్దాయన మాటకు ఆ నెల రోజులు ఎంత విలువ ఉంటుందో మీకు తెలుసు.

ఉత్తర కొరియా తట్టుకోలేనిది సరిగ్గా అదే. దేవుడున్నాడా లేడా అన్న చర్చతో వాళ్ళకు పని లేదు. తాము పిలవకుండా మనుషులు కలవడం, తాము నియమించని మనిషి మాటకు విలువ రావడం, ఒకరి కష్టానికి ఇంకొకరు తమను అడక్కుండా సాయపడడం, వాళ్ళ భయం అక్కడుంది. అందుకే ఇరవై నుంచి నలభై ఇళ్ళకు ఒక బృందం, దానికి ఒక పెద్ద, ఎక్కువగా ఆడమనిషే ఉంటుంది. ఎవరింట్లో రాత్రి చుట్టం ఉన్నాడు, ఎవరింట్లో ఉన్నట్టుండి కొత్త సామాను వచ్చింది అన్నీ ఆవిడ కనిపెట్టి పైకి చెప్పాలి. పక్క జిల్లాకు వెళ్ళాలన్నా అనుమతి కాగితం కావాలి. ఇలాంటి చోట నలుగురు ముసలమ్మలు గుట్టుగా కూర్చున్నారంటే, ఒకరి మీద ఒకరికి అంత నమ్మకం ఉందన్నమాట. ఆ నమ్మకమే నేరం.

చైనాకు పారిపోయి దొరికి వెనక్కి పంపినవాళ్ళను అడిగే ప్రశ్నలు చూడండి. ఎందుకు వెళ్ళావు అని అడుగుతారు, దాంతోపాటు చర్చికి వెళ్ళావా, పాస్టర్‌ను కలిశావా, దక్షిణ కొరియావాళ్ళతో మాట్లాడావా అని గుచ్చి గుచ్చి అడుగుతారు. ఆకలితో వెళ్ళానంటే కొన్ని నెలల చాకిరీతో బయటపడొచ్చు. చర్చి మాట బయటపడితే రాజకీయ ఖైదీల శిబిరం. ఆ శిబిరాల్లో 80 వేల నుంచి 1,20,000 మంది ఉంటారని కిర్బీ కమిషన్ అంచనా.

అక్కడి తల్లిదండ్రులు పిల్లలకు చిన్నప్పుడు ప్రార్థన నేర్పలేరు. బళ్ళో నోరు జారుతారని భయం. పిల్ల పెద్దదయ్యాక చెబుదామంటే, అప్పటికి ఆ పిల్ల పన్నెండేళ్ళు ఆ బళ్ళో చదివి ఉంటుంది, ఎటు తిరుగుతుందో తెలియదు. కన్నబిడ్డకు భయపడి దణ్ణం పెట్టుకోవాల్సి రావడం కంటే ఘోరం నాకు తెలిసి ఇంకోటి లేదు.

టూరిస్టుగా వెళ్తే జేబులో హనుమాన్ చాలీసా పెట్టుకోవచ్చా?
*(కాంట్రాక్టరు, కోరాపుట్)*

మీ జేబులో ఉన్నంతవరకు మీ ఇష్టం, అక్కడ ఎవరికీ ఇవ్వకండి, ఎక్కడా వదలకండి. 2014లో జెఫ్రీ ఫౌల్ అనే అమెరికన్ చోంగ్‌జిన్‌లో ఒక క్లబ్బులో బైబిల్ వదిలిపెట్టి వచ్చాడు, అయిదు నెలలకు పైగా నిర్బంధంలో ఉన్నాడు. లిమ్ హ్యోన్ సూ అనే కెనడా పాస్టర్‌కు 2015లో యావజ్జీవం వేసి 2017లో వదిలారు, ఆయన అంతకుముందు ఆ దేశానికి ఎన్నోసార్లు తిండీ మందులూ పట్టుకెళ్ళినవాడే. వాళ్ళు ఏదోలా ఇంటికి చేరారు. ఆ పుస్తకం తీసి చదివిన స్థానికుడు ఎవరైనా ఉంటే అతనికి రాయబారి ఎవరూ ఉండరు, అది గుర్తుపెట్టుకోండి.

ఇలా తుడిచిపెట్టేశాక మతం మళ్ళీ తిరిగొస్తుందా?
*(బ్యాంకు ఉద్యోగి, ఛత్రపురం)*

ఒక చోట వచ్చింది. యూరప్‌లో అల్బేనియా అని చిన్న దేశం, ఎన్వర్ హోజా పాలనలో ఉత్తర కొరియాలాగే తలుపులు బిడాయించుకుంది. 1967లో మసీదులు, చర్చిలు అన్నీ మూసేశారు, మా దేశంలో మతమే లేదని ప్రకటించారు. 1976 రాజ్యాంగంలో అదే రాసుకున్నారు. ష్కోడర్‌లో కేథలిక్ కెథెడ్రల్ ఆటల హాలు అయింది. ఒక పసిబిడ్డకు బాప్తిస్మం ఇచ్చినందుకు 1970ల మొదట్లో ష్ట్యెఫెన్ కుర్తి అనే ఫాదర్‌ను కాల్చి చంపారు. ఎర్నెస్ట్ సిమోని అనే ఇంకో ఫాదర్‌ను 1963 క్రిస్మస్ ముందురోజు పట్టుకెళ్ళారు, పద్దెనిమిదేళ్ళు ఖైదులో చాకిరీ చేశాడు, విడుదలయ్యాక మురుగుకాలువల్లో పని చేయించారు, ఇన్నేళ్ళ తర్వాత 2016లో పోప్ ఆయన్ను కార్డినల్ చేశారు. మన కోల్‌కతా మదర్ థెరిసా అల్బేనియన్ కదా, ఆవిడ తల్లీ అక్కా ఆ దేశ రాజధాని తిరానాలోనే ఉండేవాళ్ళు. ప్రపంచమంతా తిరిగిన ఆ మనిషిని అమ్మను చూడ్డానికి రానివ్వలేదు. తల్లి 1972లో పోయింది, మదర్‌కు 1989లో గానీ ఆ నేల మీద అడుగుపెట్టడానికి వీలు కాలేదు.

1990 నవంబరులో ష్కోడర్ శ్మశానంలో వేలమంది గుమిగూడి బహిరంగంగా పూజ చేసుకున్నారు, 1991 జనవరిలో తిరానాలో ఎథెమ్ బే మసీదులోకి జనం అనుమతి లేకుండానే నడిచి వెళ్ళారు. పోలీసులు ఆపలేకపోయారు.

కానీ అల్బేనియాలో నిషేధం ఇరవై మూడేళ్ళు. అప్పటికి ప్రార్థన గుర్తున్న తల్లులు, బతికున్న ఫాదర్లు, ఇమాములు ఉన్నారు. ఉత్తర కొరియాలో ఇప్పటికి డెబ్భై ఏళ్ళు దాటింది. పాత చర్చిలో పాట పాడిన పిల్ల బతికుంటే ఎనభై దాటి ఉంటుంది. కాబట్టి అల్బేనియాలో జరిగినట్టే ఉత్తర కొరియాలోనూ జరుగుతుందని మీకు మాట ఇవ్వలేను. తలుపు తెరుచుకున్న రోజున బయటి నుంచి మతప్రచారకులు వరదలా వెళ్ళడం మాత్రం ఖాయం. వాళ్ళు వెళ్ళి ఆ జనానికి ముందు అన్నం, మందులు ఇస్తారా, ఎంతమందిని మతం మార్చామని లెక్కలు రాసుకుంటారా అన్నదే నా దిగులు.

మన ఒడిశాలో కూడా మతం మారాలంటే చట్టం ఉంది, మేజిస్ట్రేటు దగ్గర కాగితం పెట్టాలి. మరి మనకూ వాళ్ళకూ తేడా ఏమిటి?
*(పాఠకుడు, మోహన, గజపతి జిల్లా)*

ఉంది. అల్బేనియా నిషేధంలాగే ఒడిశా మత స్వేచ్ఛ చట్టం కూడా 1967దే. బలవంతంగా, ఆశ చూపి, మోసంతో మతం మార్చకూడదంటుంది. ఏడాది జైలు, అయిదు వేలు జరిమానా దాకా ఉంది, మైనర్లు, ఆడవాళ్ళు, ఎస్సీ ఎస్టీల విషయంలో రెండేళ్ళు, పది వేలు. మీరన్న కాగితం 1989 నియమాల్లో వచ్చింది. ఆశ చూపడం అనే మాటను ఎటుపడితే అటు సాగదీయొచ్చు, బీదవాడికి ఆసుపత్రి ఖర్చు పెట్టినా అందులోకి లాగొచ్చు, అది నాకు నచ్చదు. మనసు మార్చుకోవడానికి అధికారికి ఎందుకు చెప్పాలి అన్నది న్యాయమైన ప్రశ్న.

తేడా ఎక్కడుందంటే, ఈ చట్టం మీద మనుషులు కోర్టుకెళ్ళారు. 1972లో ఒడిశా హైకోర్టు దీన్ని కొట్టేసింది. 1977లో సుప్రీంకోర్టు మళ్ళీ నిలబెట్టింది. కేసు వేసినవాళ్ళు ఓడిపోయి ఇంటికి వెళ్ళారు, శిబిరానికి కాదు. ఈ జవాబులో ఆ చట్టం నాకు నచ్చలేదని నేను రాస్తున్నాను, సంపాదకులు వేస్తున్నారు, రేపు మీరు నన్ను తిడుతూ ఉత్తరం రాస్తారు, అదీ వేస్తారు. అక్కడ ఈ మూడింటిలో ఒక్కటీ జరగదు.

అలాగని మనకంతా బాగుందని చెప్పను. 2008లో మీ పక్క జిల్లా కంధమాల్‌లో జరిగింది మీరు మరిచిపోయి ఉండరు. విశ్వహిందూ పరిషత్ నాయకుడు స్వామి లక్ష్మణానందను చంపారు, ఆ తర్వాత క్రైస్తవుల ఇళ్ళు తగలబడ్డాయి, ప్రాణాలు పోయాయి, వేలమంది అడవుల్లోకి, సహాయ శిబిరాల్లోకి పరిగెత్తారు. అది చేసింది ఏ నియంతా కాదు, ఇరుగుపొరుగు మనుషులు. ఇక్కడ మనకు భయం రాజ్యం నుంచే రానక్కర్లేదు. మీ ఊళ్ళో కొండమీద చర్చికి వెళ్ళేవాళ్ళూ, గుడికి వెళ్ళేవాళ్ళూ ఒకే సంతలో కలుస్తారు కదా. కాగితం విషయంలో ఇబ్బంది పెడుతున్నారంటే జిల్లా న్యాయసేవల అథారిటీకి వెళ్ళండి, ఎస్సీ ఎస్టీలకు, ఆడవాళ్ళకు అక్కడ వకీలును ఉచితంగా ఇస్తారు. వెళ్ళేటప్పుడు మీరు పెట్టిన దరఖాస్తు నకలు, దాని మీద రసీదు ముద్ర ఉన్నది, వెంట పట్టుకెళ్ళండి.